పొయ్యి దగ్గర నందిని

సాకేత్‌కి ఉన్నది ఒకటే బాధ. తాను రాసే సీరియల్ పేరు పదిమందిలో గర్వంగా చెప్పుకోలేకపోతున్నాడు.

సొంతూరు తణుకు వెళ్ళాడంటే చాలు, స్నేహితులు చుట్టూ చేరి ఏడిపిస్తారు. "ఏరా, మీ హీరోయిన్ ఎదురుగా ఫోన్ మోగుతుంటే, 'అయ్యో, ఫోన్ మోగుతోందే' అంటుందేంట్రా? ఆ మాత్రం మాకు తెలీదా?" అని ఒకడు. "తలుపు తీసి, 'గౌతమ్, నువ్వా! చేతికి ఆ కట్టేంటి?' అంటుంది. కట్టు మాకు కనపడి చావట్లేదా?" అని ఇంకొకడు. అందరూ పగలబడి నవ్వుతారు. సాకేత్ కూడా నవ్వుతాడు, ఏం చేస్తాడు మరి. లోపల మాత్రం కుతకుత ఉడికిపోతూ ఉంటాడు.

ఆ సీరియల్ పేరు 'మహానగరంలో నందిని'. హైదరాబాదులో ఓ పోలీసు స్టేషను, అందులో నందిని అనే ఎస్సై. ఆమె ప్రేమించిన గౌతమ్ పైకి పెద్ద అద్దాల ఆఫీసులో మేనేజరు, చాటున గొలుసు దొంగల ముఠాకి నాయకుడు. ఉద్యోగం, నేరం, ప్రేమ మూడూ కలిపి వండి, నాలుగేళ్ళుగా సాయంత్రం ఏడున్నరకి ఇంటింటికీ వడ్డిస్తున్న మనిషి పురుషోత్తం గారు. సాకేత్ ఆయన శిష్యుడు.

శిష్యుడంటే మాటవరసకి కాదు. ఆయన చెబుతుంటే రాశాడు, రాసిందాన్ని సాపు చేశాడు, ఆయన కళ్ళజోడు ఎక్కడ పెట్టి మర్చిపోయారో వెతికి తెచ్చాడు, తిట్లు తిన్నాడు, అన్నం కూడా తిన్నాడు. గురువుగారంటే ప్రాణం. గురువుగారు రాసే మాటలంటే మాత్రం ఒళ్ళుమంట.

"గురువుగారూ, నందిని చేతిలో గొలుసు కనిపిస్తూనే ఉంటుంది కదండీ. మళ్ళీ నోటితో 'ఈ గొలుసు' అనడం ఎందుకు?" అని ఓసారి ధైర్యం చేసి అడిగేశాడు.

"అంటే ఏం పోయింది?" అన్నారాయన, వక్కపొడి నోట్లో వేసుకుంటూ.

"చూసేవాళ్ళకి బుర్ర లేదనుకున్నట్టు ఉండదూ?"

పురుషోత్తం గారు వక్కపొడి నమిలారు. కిటికీలోంచి బయటికి చూశారు. అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పడం ఆయన ఒంట్లోనే లేదు. అది తెలిసి కూడా సాకేత్‌కి ఆ రోజంతా చిరాగ్గానే ఉంది.

ఇలా ఉండగా పురుషోత్తం గారికి కుడిచేయి వణకడం మొదలైంది. కూర్చుంటే నడుం పట్టేస్తోంది. ఇక చాలు, నేను రాయలేను అని ఛానెల్ వాళ్ళకి చెప్పేశారు. వాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డారు. ఆయన వినలేదు.

"పోనీ, మీ తర్వాత ఎవరు రాయాలో మీరే చెప్పండి," అన్నారు వాళ్ళు. "శనివారం పొద్దున్నకల్లా మాకు పేరు కావాలి. మీరు ఎవరి పేరు చెబితే వాళ్ళకే ఇస్తాం. చెప్పకపోతే మేమే బయటినుంచి ఎవర్నో ఒకర్ని చూసుకుంటాం."

సాకేత్‌కి ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ కంటిమీద కునుకు లేదు. సీరియల్ తనకి వస్తుందా, బయటివాడెవడో ఎగరేసుకుపోతాడా? నోరు తెరిచి అడగలేడు. గురువుగారు చెప్పరు. ఆయన చెప్పిందల్లా ఒకటే, "శుక్రవారం ఎపిసోడ్‌లో ఆఫీసు సీను నువ్వే రాయవోయ్. నేను వేలు పెట్టను."

అబ్బ, ఎగిరి గంతేశాడు కుర్రాడు! ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా తీసి ఆ సీనులో పెట్టాడు.

సీను ఇదీ. కోటమ్మ అనే ముసలావిడ, మొగుడు మంచాన పడితే మందులకని బయల్దేరింది. దారిలో ఎవరో ఆవిడ మెళ్ళో పుస్తెలతాడు తెంపుకుపోయారు. ఆ కేసు నందినిదే. శుక్రవారం నాడు నందిని గౌతమ్ ఆఫీసుకి వెళ్తుంది. అతను లేని గదిలో పెన్ను కోసం సొరుగు లాగుతుంది. సొరుగులో పుస్తెలతాడు. అద్దంలోంచి అవతల గౌతమ్ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటాడు. ఆమె తాడు వైపు చూస్తుంది, అతని వైపు చూస్తుంది, తాడు పిడికిట్లో బిగించి సొరుగు మూసేస్తుంది, బయటికి నడుస్తుంది. అంతే. మొత్తం సీనులో ఒక్క మాట లేదు. ఫ్యాను చప్పుడు, వెనకాల సన్నగా వయొలిన్.

డైరెక్టరు కాగితాలు అటు తిప్పి ఇటు తిప్పి బుర్ర గోక్కున్నాడు. "మాటలేవయ్యా?" అన్నాడు.

"లేవు సార్. అదే సీను," అన్నాడు సాకేత్, ఛాతీ ఇంతెత్తున ఉబ్బించి.

డైరెక్టరు పురుషోత్తం గారికి ఫోన్ చేశాడు. ఆయన అంతా విని, "అతను ఎలా రాస్తే అలాగే తీసెయ్యండి," అన్నారు. ఇంకేం! నందిని వేషం వేసే అమ్మాయిది మైసూరు, తెలుగు ముక్క రాదు. రోజూ పక్కనుంచి మాట మాట అందించే ప్రాంప్టరుకి ఆ పూట పనే లేకపోయింది. కుర్చీ లాక్కుని దర్జాగా టీ తాగాడు. ఆ అమ్మాయి మాత్రం ఎంత బాగా చేసిందంటే, కెమెరా ఆగాక ఎవరూ కాసేపు కదల్లేదు. సాకేత్ తణుకు స్నేహితులందరికీ పేరుపేరునా ఫోన్ చేశాడు. "శుక్రవారం ఏడున్నరకి చూడండ్రా. ఆ తర్వాత మాట్లాడండి."

అదే ఊపులో శనివారం షూటింగుకి కావాల్సిన అరెస్టు సీను కూడా రాసి సంచిలో పెట్టుకున్నాడు. అందులోనూ మాటల్లేవు. నందిని చూస్తుంది, గౌతమ్ చూస్తాడు, బేడీలు పడతాయి.

శుక్రవారం మధ్యాహ్నం గురువుగారి దగ్గర్నుంచి ఫోన్. "సాయంత్రం మా ఇంటికి రా. మా ఆవిడ పాలకోవా చేస్తోంది. నీ సీను కూడా ఇక్కడే చూద్దువుగాని."

పేరు చెప్పడానికే పిలుస్తున్నారు, ఇంక అనుమానమే లేదనుకున్నాడు సాకేత్. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మల్లెపూలు కొనుక్కుని యూసఫ్‌గూడలో వాళ్ళ ఫ్లాటుకి ముందుగానే చేరాడు.

గురువుగారి భార్య సుభద్రమ్మ గారు వంటింట్లో ఉన్నారు. వెడల్పాటి బాండీలో గేదెపాలు సగానికి పైగా ఇగిరిపోయి చిక్కబడుతున్నాయి. ఆవిడ అట్లకాడతో అంచులు గీకుతూ కలుపుతున్నారు. పూలు చూసి సంబరపడిపోయారు. "నాకెందుకు నాయనా ఇవన్నీ, ముసలిదాన్ని," అంటూనే ఓ చేత్తో తల్లో పెట్టేసుకున్నారు.

ఏడున్నర కావస్తోంది. పురుషోత్తం గారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"సుభద్రా, ఆ అట్లకాడ అతనికిచ్చి నువ్వొచ్చి హాల్లో కూర్చో," అన్నారు.

"అదేంటండీ! అతని సీను వచ్చేరోజున అతన్ని పొయ్యి దగ్గర నిలబెడతారా? నేను ఇక్కణ్ణించి వింటాగా, రోజూలాగే."

"ఇవాళ నువ్వు చూడు."

సాకేత్ గురువుగారి మాట కాదనలేడు. చేతిలోకి అట్లకాడ వచ్చేసింది. "కలుపుతూనే ఉండు నాయనా, చెయ్యి ఆపావంటే అడుగంటుతుంది. ఈ టైములోనే జాగ్రత్తగా ఉండాలి," అని చెప్పి సుభద్రమ్మ గారు చీర చెంగుకి చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

టీవీ సరిగ్గా వంటింటి గోడకి అవతలి వైపున ఉంది. పొయ్యి దగ్గర నిలబడితే హాలు కనపడదు, టీవీ అసలే కనపడదు. సీరియల్ పాట మొదలైంది. పాట అయిపోయింది. స్టేషన్లో కోటమ్మ ఏడుపు, హెడ్డు కానిస్టేబులు ఓదార్పు వినపడ్డాయి. ఆ తర్వాత జీపు చప్పుడు. వచ్చేసింది, ఇదే, నా సీనే అనుకుని సాకేత్ మెడ గుమ్మం వైపు సాచాడు.

వయొలిన్.

వయొలిన్ తప్ప ఇంకేం లేదు. ఫ్యాను చప్పుడు వంటింటి చిమ్నీ హోరులో కలిసిపోయింది. బాండీలో పాలు గుబగుబమంటున్నాయి. నందిని గదిలోకి వచ్చిందో రాలేదో, సొరుగు తీసిందో లేదో, ఎక్కడిదాకా వచ్చిందో అంతు చిక్కడం లేదు. తనే రాసిన సీను, తనకే తెలీడం లేదు!

"అమ్మా, సొరుగు తీసిందా?" అని గట్టిగా అడిగాడు.

జవాబు లేదు.

"అమ్మా!"

"ఉండు నాయనా, చూడనీ!" అని కసురుకున్నారు సుభద్రమ్మ గారు.

ఇక ఆగలేక అట్లకాడ బాండీలోనే వదిలేసి రెండంగల్లో గుమ్మం దాకా వెళ్ళాడు. టీవీ వైపు తల తిప్పబోతుండగానే పురుషోత్తం గారు కుర్చీలోంచి కదలకుండా, "మాడు వాసనొస్తోందోయ్," అన్నారు. సాకేత్ ఒక్క ఉరుకున వెనక్కి పరిగెత్తాడు. నిజంగానే ఓ పక్క అడుగు పట్టుకుంటోంది. కంగారుగా గీకి, మంట తగ్గించి, మళ్ళీ కలపడం మొదలెట్టాడు. చెయ్యి లాగేస్తోంది. కళ్ళలోకి చెమట కారుతోంది. ఇస్త్రీ చొక్కా మీద పాలచుక్కలు. మనసులో గురువుగారిని ఎన్ని తిట్టాడో దేవుడికే ఎరుక.

వయొలిన్ ఆగింది. తన సీను అయిపోయింది. అది ఎప్పుడు అయిపోయిందో కూడా వాడికి తెలీదు.

తర్వాతిది పురుషోత్తం గారు రాసిన సీను. గోడ అవతలినుంచి హెడ్డు కానిస్టేబులు యాదగిరి గొంతు ఖంగుమంది. "ఏంది మేడమ్, వానలో గిట్ల తడుసుకుంట నడిచొచ్చిన్రు? జీపేది? ఆ చేతికి రక్తమేంది?" సాకేత్ చెయ్యి కలుపుతూనే ఉంది. కళ్ళ ముందు మాత్రం వాన పడుతోంది. నందిని తడిసి ముద్దై స్టేషను మెట్ల మీద నిలబడి ఉంది. పిడికిలి ఎంత గట్టిగా బిగించిందో అరచేతిలో గోళ్ళు దిగబడి ఉన్నాయి. "రక్తం కాదు యాదగిరీ, నా బుద్ధిలేనితనం," అంది నందిని. సాకేత్‌కి ఒళ్ళు జలదరించింది. ఈ సీను కాగితం మీద చదివినప్పుడు ఇదే మాటకి మూతి విరిచాడు మరి.

ఎపిసోడ్ అయిపోయింది. సుభద్రమ్మ గారు కళ్ళు ఒత్తుకుంటూ వంటింట్లోకి వచ్చారు.

"ఎంత బాగా రాశావు నాయనా! మాటా పలుకూ లేకుండా ఆ పిల్ల ఆ తాడు వైపు చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయిందంటే నమ్ము. అన్నట్టు, నందిని ఇంత బక్కపల్చటి పిల్లా? నేను ఇన్నాళ్ళూ నిండైన మనిషి అనుకున్నాను!"

సాకేత్ చెయ్యి ఆగిపోయింది. "మీరు నందినిని ఎప్పుడూ చూడలేదా అమ్మా?"

"ఎక్కడ చూస్తాను? ఈయనకి షుగరు. ఎనిమిదింటికల్లా కంచంలో రొట్టె పడాలి. ఏడున్నరకి నేనెప్పుడూ ఈ పొయ్యి దగ్గరే. పై ఫ్లాటు రుక్మిణీ అంతే, ఎదురింటి జరీనా అంతే. అందరం వినడమే. అయినా ఏం లోటు లేదులే. నందిని ఏం చేస్తున్నదీ, ఎవరొచ్చారో, ఎవరి చేతిలో ఏముందో అన్నీ ఇక్కడికి తెలుస్తూనే ఉంటాయిగా." చెయ్యి చాచి అట్లకాడ తీసుకున్నారు. "ఆ చెయ్యి అలా ఆపకు మరి, నాకియ్యి."

సాకేత్‌కి తణుకు స్నేహితులు గుర్తొచ్చారు. వాళ్ళు వెక్కిరించిన మాటలన్నీ గుర్తొచ్చాయి. వాటికి తను కూడా పడీ పడీ నవ్వాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

హాల్లోకి వచ్చాడు. పురుషోత్తం గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు.

"చాలా బాగుందోయ్ నీ సీను," అన్నారు. "కూర్చున్నవాళ్ళకి."

అంతే అన్నారు. వెటకారం లేదు ఆ గొంతులో, కోపమూ లేదు.

సాకేత్ నేలమీద కూర్చుని సంచిలోంచి అరెస్టు సీను కాగితాలు తీశాడు. వంటింట్లో కోవా దించిన చప్పుడు, ఆ తర్వాత కుళాయి విప్పిన చప్పుడు. సుభద్రమ్మ గారు గిన్నెలు తోమడం మొదలెట్టారు. సాకేత్ ఓసారి గోడ వైపు చూసి, గొంతు సవరించుకుని, కాగితంలో ఉన్నది పైకి చదివాడు.

"నందిని చూస్తుంది. గౌతమ్ చూస్తాడు."

గిన్నెలు గణగణలాడుతున్నాయి. సాకేత్ ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టేశాడు. కాసేపు ఆలోచించి, నందిని అయిపోయి గట్టిగా అన్నాడు. "గౌతమ్! ఈ రోజు నా గుండె ఒక శ్మశానం!"

"ఏంటి నాయనా, గుండెల్లో నొప్పా?" అని లోపల్నుంచి ఆవిడ. గిన్నెలు ఆగలేదు.

పురుషోత్తం గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. నవ్వు ఆపుకుంటున్నట్టు మీసం కదిలింది.

"ఎందుకిలా చేశావు గౌతమ్? నేనేం తక్కువ చేశాను?" అన్నాడు సాకేత్ మళ్ళీ. గిన్నెలు, కుళాయి, గిన్నెలు. ఇదీ కాదు. వాడికే తెలిసిపోయింది. గురువుగారిని అడుగుదామా అనిపించింది. అడగలేదు. కళ్ళు మూసుకుంటే అద్దాల ఆఫీసు కనిపించడం లేదు. అట్లకాడ పట్టుకున్న చెయ్యి, పూలు పెట్టుకున్న తల, గోడకి అటుపక్కన ఓ చెవి. వాటినే తలుచుకుంటూ నెమ్మదిగా, అరవకుండా అన్నాడు.

"కోటమ్మ గారి పుస్తెలతాడు నీ సొరుగులో దొరికింది గౌతమ్. ఇదిగో, నా పిడికిట్లో ఉంది. రేపు నా మెళ్ళో పుస్తెలు కట్టాల్సిన చేతులతోనే దీన్ని తెంపావు. ఏవీ, ఆ చేతులు? ఇలా చాపు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కుళాయి కట్టేసిన చప్పుడైంది.

సాకేత్ గోడ వైపు తల తిప్పాడు.

"ఏవండీ," అని లోపల్నుంచి సుభద్రమ్మ గారి గొంతు, ఆత్రంగా, "చాపాడా లేదా వాడు?"

పురుషోత్తం గారు కళ్ళు తెరిచారు.

"నన్నడుగుతావేం సుభద్రా? సాకేత్‌ని అడుగు."